నవ్వితేనే ఒకటో తరగతి

బడి తెరిచిన మొదటిరోజున ఒకటో తరగతి పిల్లలు ఏడుస్తారు. ఈ సంగతి పిల్లలకు తెలుసు, తల్లులకు తెలుసు, మేష్టార్లకు తెలుసు. గేటు దగ్గర జీళ్ళమ్మే ముసలమ్మకైతే మరీ బాగా తెలుసు, ఎందుకంటే ఆవిడ బేరం నడిచేదే ఆ ఏడుపుల మీద. తెలియనిదల్లా పైనున్న ఆఫీసుకే. ఆ ఏడాది వేసవిలో పాపం దానికీ తెలిసిపోయింది.

ఎలా తెలిసిందంటే, ఒక పెద్ద అధికారి విదేశాలకు చదువుల పరిశీలనకని వెళ్ళి, అక్కడ పిల్లలు నవ్వుకుంటూ బడిలోకి పోవడం కళ్ళారా చూశాడు. వాళ్ళెందుకు నవ్వుతున్నారో కనుక్కుందామంటే పర్యటనలో తీరిక దొరకలేదు. తిరిగొచ్చి, "మన పిల్లలు మాత్రం ఎందుకు నవ్వరు?" అని ఫైలు మీద రాశాడు. పెద్దవాళ్ళు ప్రశ్న వేస్తే కిందివాళ్ళు జవాబు వెతకరు, పథకం పెడతారు. అలా 'నవ్వుల ప్రవేశం' పుట్టింది. నవ్వనిదే ఏ బిడ్డనూ ఒకటో తరగతిలో చేర్చుకోరాదు. నవ్వాడో లేదో మనిషి చూసి చెబితే చెల్లదు, ఫోనులో 'చిరునవ్వు' అనే యాప్ చూసి చెప్పాలి.

ఈ గొడవంతా లోవకుమారికి ఏం తెలుసు? పొదలంకలో కొబ్బరి కొట్టులో కాయలు కొట్టే పని ఆమెది. మొగుడు శ్రీను లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. ఇంట్లో అత్తగారు నూకరత్నం, కూతురు యశ్విత. పేరు నోరు తిరక్క నూకరత్నం 'అమ్మడూ' అని పిలిస్తే, ఊరంతా ఆ పేరే ఖాయం చేసింది.

ఆ వీధిలో బడంటే పడిచచ్చే పిల్ల అమ్మడొక్కతే. సంచి కొన్నప్పటినుంచి దాన్ని భుజాన వేసుకునే అన్నం తింటోంది, వేసుకునే నిద్రపోతోంది. పొద్దున్న లేస్తూనే "అమ్మా, ఇవాళేనా బడి?" అని అడిగేది. కాదంటే ముఖం మాడ్చుకుని గుమ్మంలో కూర్చునేది. పలక మీద ఏవో గీతలు గీసి, "ఇదేం అక్షరం నానమ్మా?" అంటే, "నాకేం తెలుసే తల్లీ, నేను బడి గోడ మీద పిడకలు కొట్టానంతే" అనేది నూకరత్నం.

బడి తెరిచే ముందు తల్లిదండ్రుల సంసిద్ధతా సదస్సు పెట్టారు. లోవ కొట్టులో సగం పూట సెలవడిగి, కూతుర్నీ అత్తగారినీ వెంటబెట్టుకుని వెళ్ళింది. సభకు వెళ్తున్నాం కదా అని నూకరత్నం ఉచిత వైద్య శిబిరంలో ఇచ్చిన కట్టుడు పళ్ళు పెట్టుకుంది. అవి ఎవరి కొలతకు చేశారో గానీ ఆవిడ నోటికి కాస్త పెద్దవి. పెళ్ళిళ్ళకీ ఆఫీసులకీ తప్ప వాటిని బయటికి తీసేది కాదు.

వేదిక మీద మండల ప్రవేశ సంసిద్ధతాధికారి త్రివిక్రమరావుగారు లేచారు. మాట మొదలుపెట్టడానికి ముందే నవ్వారు. నవ్వు పూర్తయ్యాక మొదలుపెట్టారు.

"తల్లిదండ్రులారా! సంసిద్ధత అనునది మూడు విధములు. శిశు సంసిద్ధత, మాతృ సంసిద్ధత, పితృ సంసిద్ధత. ఈ మూడింటిలో ఏది లోపించినను ప్రవేశము అసమగ్రమగును."

"మరి అత్తల మాటేంటండీ?" అంది నూకరత్నం వెనకనుంచి.

"అది రెండవ దశలో వస్తుందమ్మా," అన్నారాయన, ఏమాత్రం తడుముకోకుండా. "ఇకపోతే, నవ్వు నాలుగు విధాల చేటు అని మన ప్రాంతములో ఒక సామెత వాడుకలో ఉన్నట్లు మా దృష్టికి వచ్చినది. సదరు సామెతను ఈ విద్యా సంవత్సరమునకు నిలుపుదల చేయడమైనది. ఎవరైనా పిల్లల ఎదుట వాడినచో తగు చర్య తీసుకోబడును."

రోజూ దీపాలవేళ ఇంటిల్లిపాదీ కూర్చుని నవ్వడం సాధన చేయాలని, ఆ ఫోటో యాప్‌లో పెట్టాలని ఆయన సెలవిచ్చారు. మా పక్కింట్లో మనిషి పోయాడండీ, పదకొండో రోజు దాకా ఎలా నవ్వమంటారని ఒకాయన అడిగితే, "మరణములకు మినహాయింపు కోరుచూ ముందుగా దరఖాస్తు చేసుకోవచ్చును," అన్నారు.

ఆ 'ముందుగా' అనే మాట అర్థం కాక అడిగినాయన కూర్చుండిపోయాడు.

సరే, ఊరంతా నవ్వడం మొదలెట్టింది. దీపాలవేళకు ఏ గుమ్మంలో చూసినా పళ్ళే. అప్పులవాడొచ్చినా నవ్వుతున్నారు, కరెంటు పోయినా నవ్వుతున్నారు. శ్రీను ఎక్కడో లారీ పక్కన క్లీనరు భుజం మీద చెయ్యేసి నవ్వుతూ ఫోటో పంపించాడు. దానికి 'పితృ సంసిద్ధత సంతృప్తికరం' అని జవాబొచ్చింది. పెళ్ళయినప్పటి నుంచి తన ఎదుట అంత నవ్వు నవ్వలేదని లోవ ఆ ఫోటోను చాలాసేపు చూసింది.

అమ్మడికి ఈ సాధనలేవీ అక్కర్లేదు. బడి మాటెత్తితే చాలు, చెవుల దాకా నవ్వేది. వచ్చిన చిక్కల్లా ఆ వారంలోనే మామిడితాండ్ర కొరుకుతుంటే పైపన్ను ఒకటి ఊడింది. దాని పక్కది తోడు పోయింది. నూకరత్నం ఆనవాయితీ ప్రకారం వాటిని పేడలో పెట్టి పెంకుల మీదకు విసిరి, "చక్కటి పళ్ళొస్తాయిలే అమ్మడూ," అంది. అందరూ సంతోషించారు. పళ్ళూడటం కూడా ఒక నేరమవుతుందని ఎవరనుకుంటారు?

బడి తెరిచిన రోజు గేటు దగ్గర హెడ్మాస్టరు మాణిక్యాలరావు ఫోను పట్టుకుని నిలబడ్డాడు. పాతికేళ్ళ సర్వీసులో ఆయన జనాభా లెక్కలు రాశాడు, మరుగుదొడ్లు లెక్కపెట్టాడు, కోడిగుడ్లు తూచాడు. నవ్వులు కొలవడం ఇదే మొదలు. ఆ ఊరి జనానికి ఆయనంటే గౌరవం. ఖాళీ దొరికితే పాఠం కూడా చెబుతాడని పేరు.

వరసలో అమ్మడి ముందు కిరాణా కొట్టు వీర్రాజు కొడుకున్నాడు. వాడు గేటు కమ్మీ పట్టుకుని, "నేను పోనూ! నన్ను చంపేస్తారూ!" అని కొండనాలుక కనబడేలా బావురుమన్నాడు. ఫోను వాడి వైపు తిప్పగానే అందులోంచి ఆడగొంతు తియ్యగా పలికింది. "నవ్వు అద్భుతం! ప్రవేశం ఖరారైనది."

"ఏడుస్తున్నాడు కదండీ మేస్టారూ?" అంది లోవ.

"అది పళ్ళు చూసుద్దమ్మా, కన్నీళ్ళు చూడదు," అన్నాడు మాణిక్యాలరావు, ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూసి.

వీర్రాజు కొడుకును ఇద్దరు పట్టుకుని లోపలికి ఈడ్చుకెళ్ళారు. అమ్మడు ముందుకొచ్చింది. కొత్త గౌను, నూనె పెట్టి దువ్విన జడలు, భుజాన సంచి. ఫోను వైపు చూసి ఇంత వెడల్పున నవ్వింది. వరసలో ఉన్న తల్లులందరికీ ఆ నవ్వు చూసి నవ్వొచ్చింది.

"దయచేసి నవ్వండి," అంది ఫోను.

అమ్మడు ఇంకా నవ్వింది.

"దయచేసి నవ్వండి."

వేళ్ళతో పెదాలు లాగి మరీ నవ్వింది. "దయచేసి నవ్వండి. బిడ్డ సంసిద్ధంగా లేదు. తల్లిదండ్రులు సహకరించగలరు," అని ఫోను ఎర్రగా మారి ఊరుకుంది. అమ్మడి నవ్వు అలాగే ఉండి, గడ్డం మాత్రం వణకడం మొదలుపెట్టింది. "నేను నవ్వుతున్నాను కదమ్మా?" అంది లోవ చీర కుచ్చెళ్ళు పట్టుకుని. లోవ కూతుర్ని ఎత్తుకుని ఇంటిదారి పట్టింది.

మర్నాడు లోవ కొట్టు మానేసి మండలం ఆఫీసుకు పోయింది. తోడు రావద్దన్నా నూకరత్నం పళ్ళు పెట్టుకుని బయల్దేరింది. త్రివిక్రమరావుగారు అమ్మడి ఫోటో తెరిచి, కళ్ళజోడు సవరించుకుని చూశారు.

"ఇందులో రెండు పళ్ళు గైర్హాజరు," అన్నారు.

"ఊడిపోయాయండి. ఆరేళ్ళ పిల్లకి ఊడతాయి కదండీ?"

"అది మీ అభిప్రాయం. ఊడిన వాటిని సాక్ష్యాధారములుగా భద్రపరిచారా?"

"ఇంటి మీదకి విసిరేశామండి."

"ఎవరి అనుమతితో?"

లోవ అత్తగారి వైపు చూసింది. "మా అమ్మ విసిరింది, వాళ్ళమ్మ విసిరింది, నేనూ విసిరాను బాబూ. ఇన్నేళ్ళలో ఏ ప్రభుత్వమూ వద్దనలేదు," అంది నూకరత్నం.

ఆయన కాస్త మెత్తబడ్డారు. "చూడమ్మా, కంగారు పడవలదు. పళ్ళు మొలిచిన పిమ్మట వచ్చే ఏడు తీసుకుని రండి."

"వచ్చే ఏడు పక్కవి ఊడతాయండి."

"ఆ పై ఏడు తీసుకుని రండి."

"అప్పుడు వాటి పక్కవి ఊడతాయండి."

"మంచిది. అన్నీ ఊడి, అన్నీ మొలిచాక తీసుకుని రండి. అప్పటికి ఒకటో తరగతికి వయసు దాటిపోవును గనుక, చదువు రానివారికి రాత్రిబడి పథకమొకటి ఉన్నది. అందులో పెట్టుకుందాం." ఆ సాయం చేయగలిగినందుకు ఆయన ముఖం వెలిగిపోయింది.

ఇంటికొచ్చేసరికి అమ్మడు సంచి భుజాన వేసుకుని గుమ్మంలోనే ఉంది. అప్పటికి బడి నుంచి ఎక్కాలు వినిపిస్తున్నాయి. ఆ పిల్ల చెవులు అటే పెట్టి, పెదాలు కదుపుతూ కూర్చుంది. అది చూసి లోవ లోపలికెళ్ళి పొయ్యి దగ్గర కూలబడి ఏడ్చింది. దేవుడా, ఏడిచేవాళ్ళని ఈడ్చుకుపోయి కూర్చోబెట్టి, వస్తానన్న పిల్లని గుమ్మంలో కూర్చోబెడతావా అని తిట్టింది కూడా.

కొబ్బరి కొట్టులో పనిచేసేదానికి ఉపాయం కొబ్బరిలోనే తట్టింది. లేత ముక్క తీసుకుని, కత్తిపీట మొనతో పళ్ళలా చెక్కి, అమ్మడి చిగుళ్ళ సందులో ఇరికించింది. అచ్చం పళ్ళే. "కదపకు, మాట్లాడకు, మింగకు," అని దారి పొడుగునా చెప్పుకుంటూ తీసుకెళ్ళింది. గేటు దగ్గరికెళ్ళి, మాణిక్యాలరావు ఫోను తీసేసరికి అమ్మడి నోరు ఆడుతోంది.

"ఏదే?"

"తియ్యగా ఉందమ్మా," అంది అమ్మడు.

అమ్మడు తినేసింది గానీ ఉపాయం ఊళ్ళో పాకిపోయింది. పళ్ళూడిన పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ కొబ్బరి చెక్కడమే పని. జీళ్ళమ్మే ముసలమ్మ జీళ్ళు మానేసి గేటు పక్కన కొబ్బరిపళ్ళు అమ్మకానికి పెట్టింది. చెక్కిచ్చినందుకు లోవకు దండాలు పెట్టిన తల్లులున్నారు. అమ్మడి నోట్లో మాత్రం ఏ కొబ్బరీ ఫోను దాకా నిలవలేదు. ఆ పిల్లకు ఆకలెక్కువ.

ఇలాంటివి దాగుతాయా? వారం తిరక్కుండా త్రివిక్రమరావుగారు జీపులో దిగారు. పిల్లల్ని వరసగా నిలబెట్టి నోళ్ళు తెరిపించి పరీక్ష చేశారు. పైవాళ్ళకు రాసిన నివేదిక మీద పైవాళ్ళు ఆలోచించి ఉత్తర్వు పంపారు. మాణిక్యాలరావు దాన్ని బడి ముందు నిలబడి చదివాడు.

"శిశువుల నోళ్ళయందు గల పాలపళ్ళు కేవలము తాత్కాలిక ప్రాతిపదికన ఉన్నవని, ఎప్పుడైనను విధుల నుండి తప్పుకొనగలవని ఈ కార్యాలయము గుర్తించినది. కావున ఇకపై శాశ్వత దంతములతో నవ్వినచో మాత్రమే ప్రవేశము చెల్లును. తాత్కాలిక దంతములతో ఇప్పటికే చేరినవారి ప్రవేశములు రద్దు చేయడమైనది."

వీర్రాజు కొడుకు ఆ ముక్క వినగానే సంచి విసిరేసి, నవ్వుకుంటూ ఇంటికి పరుగెత్తాడు. ఆ పథకం మొదలయ్యాక బడి దగ్గర అమ్మడు కాక నిజంగా నవ్విన బిడ్డ వాడొక్కడే. మిగిలిన పిల్లలూ ఒక్కొక్కరే గేటు దాటి బయటికొచ్చారు. ఒకటో తరగతి ఖాళీ అయిపోయింది. ఖాళీ గదిలో మాణిక్యాలరావు సుద్దముక్క పట్టుకుని కాసేపు నిలబడి, తలుపు దగ్గరగా వేశాడు.

ఆ మధ్యాహ్నం లోవ కూతుర్నీ, పళ్ళు పెట్టుకున్న అత్తగారినీ వెంటబెట్టుకుని మళ్ళీ బతిమాలడానికి బడికి వెళ్ళింది. త్రివిక్రమరావుగారు బడి వరండాలో కూర్చుని చెమటలు కక్కుతున్నారు. ఉత్తర్వు అమలైంది, నిజమే. కానీ నెలాఖరుకు ఒకటో తరగతి ప్రవేశాలు నూటికి నూరు చూపించాలని ఇంకో ఉత్తర్వుంది. ఆరేళ్ళ వయసులో శాశ్వతమైన పళ్ళవరసతో నవ్వే బిడ్డను మండలమంతా గాలించినా దొరకలేదు.

"మేస్టారూ, ఆ ఫోను ఇలాగియ్యండి, నేనే ఓసారి నా పిల్లని తీసి చూసుకుంటాను," అంది లోవ. పక్కనున్న మాణిక్యాలరావు ఇచ్చాడు. అమ్మడిని నిలబెట్టి ఫోను ఎత్తింది. "దయచేసి నవ్వండి," అంది ఫోను. వెనకనే నిలబడ్డ నూకరత్నం, "నవ్వండంట! ఊళ్ళో ఇంత నవ్వులాట పెట్టుకుని ఇంకా నవ్వమంటదేంట్రా దీని దుంప తెగ!" అని, ఆపుకోలేక, శిబిరం పళ్ళన్నీ బయటపెట్టి విరగబడి నవ్వింది.

ఫోను పచ్చగా వెలిగింది. "నవ్వు అద్భుతం! ప్రవేశం ఖరారైనది. ఒకటో తరగతికి స్వాగతం."

మాణిక్యాలరావు ఫోను లాక్కుని నొక్కాడు, ఇంకోటి నొక్కాడు. "పోవట్లేదు సార్. ఒకసారి చేరిన బిడ్డని తీసేసే బొత్తాం ఇందులో లేదు," అన్నాడు.

"ఎందుకు తీసేయడం?" అన్నారు త్రివిక్రమరావుగారు నిదానంగా లేచి.

"అదేంటి సార్, ఆవిడ అరవై దాటిన మనిషి."

"నిబంధన చదవండి. బిడ్డకు ఐదేళ్ళు నిండి ఉండవలెను. అంతే కదా? ఏమ్మా, నీకు ఐదేళ్ళు నిండాయా లేదా?"

"నిండాయి బాబూ, ఎప్పుడో," అంది నూకరత్నం బిక్కచచ్చి.

"ఎప్పుడైనా బడికి వెళ్ళావా?"

"లేదు."

"అనగా కొత్త ప్రవేశము. పళ్ళు ఎవరిచ్చారు?"

"శిబిరంలో గవర్నమెంటోళ్ళిచ్చారు."

"ప్రభుత్వము ఇచ్చినవి శాశ్వతము కాకపోతే ఇక లోకములో ఏవి శాశ్వతము?" అన్నారాయన.

వారం తిరిగేసరికి పొదలంకలో కట్టుడు పళ్ళున్న ముసలీ ముతకా అంతా ఒకటో తరగతిలో చేరిపోయారు. బడి మానేస్తే సంరక్షకుల మీద నోటీసు వస్తుంది. నూకరత్నానికి సంరక్షకురాలిగా లోవ సంతకం పెట్టాల్సొచ్చింది. కోడలు సంతకం పెడుతుంటే, "నేను పోనే లోవా! మొక్కై వంగనిది మానై వంగుతానా? ఆ గదిలో కూర్చుంటే నాకు గాలాడదు. ఇంటి దగ్గర గేదెని ఎవరు చూస్తారే?" అని నూకరత్నం గేటు కమ్మీ పట్టుకుంది.

"మొదటిరోజు అందరూ ఇలాగే అంటారమ్మా," అన్నాడు మాణిక్యాలరావు అలవాటుకొద్దీ. అని, ఏదో తట్టినట్టు ఉత్తర్వు కాగితాలు వెనక్కి తిప్పాడు. మనిషికి భయమెక్కువ గానీ మనసు మంచిది. "లోవా, ఇది విను. చేరిన శిశువు బెంగపడినచో, సదరు బెంగ తగ్గు పర్యంతము, ఇంటి సభ్యులలో ఒకరు పక్కన కూర్చుండవచ్చును."

లోవ అత్తగారి వైపు చూసింది, తర్వాత కూతురి వైపు చూసింది. "ఇంటి సభ్యులంటే ఎవరైనా పర్లేదాండీ?"

"వయసు రాయలేదమ్మా," అన్నాడాయన. "పళ్ళ సంగతి అంతకన్నా రాయలేదు."

ఆ రోజు అమ్మడు సంచి భుజాన వేసుకుని, నానమ్మ వేలు పట్టుకుని ఒకటో తరగతిలోకి నడిచింది. వెనక్కి తిరిగి తల్లికి చెయ్యి కూడా ఊపలేదు, అంత తొందరగా ఉంది ఆ పిల్లకి. లోవ కొట్టుకు పోయి ఆ పూట ఎన్ని కాయలు కొట్టిందో ఆమెకే తెలియదు.

చూసినవాళ్ళు ఊరుకుంటారా? ప్రతి ముసలివాడికీ బెంగ పట్టుకుంది. ప్రతి ముసలమ్మ పక్కనా ఒక మనవడో మనవరాలో సంరక్షణకు కూర్చున్నారు. వీర్రాజు కొడుకును వాళ్ళ తాతకు తోడుగా మళ్ళీ ఈడ్చుకొచ్చారు. మాణిక్యాలరావు బోర్డు మీద అక్షరాలు రాసి, విద్యార్థుల వైపు చూస్తూ సంరక్షకులకు పాఠం చెప్పేవాడు. నవ్వుల ప్రవేశంలో పొదలంక నూటికి నూరని త్రివిక్రమరావుగారికి శాలువా కప్పారట.

చిక్కేంటంటే, బెంగ తగ్గితే పిల్లలు బయటికి పోవాలి. అందుకని రోజూ బెంగ చూపించాలి. ఆ విద్యలో నూకరత్నాన్ని మించినవాళ్ళు లేరు. ఊళ్ళో ఎవరింట్లో చావొచ్చినా శోకాలకు ముందు ఆవిణ్ణే పిలిచేవారు. పొద్దున్నే గేటు దగ్గర, "ఓ నాయనో! నన్ను బళ్ళో వేశారో! నా గేదె దిక్కులేనిదైపోయిందో!" అని రాగం తీస్తే, మిగిలినవాళ్ళు అందుకునేవారు. మాణిక్యాలరావు గడియారం చూసుకుని, 'బెంగ తగ్గలేదు' అని యాప్‌లో పెట్టి, గంట కొట్టించేవాడు. నవ్వుతూ చేరాల్సిన బడి ఏడుపుల మీద దివ్యంగా నడిచింది.

దసరా సెలవుల్లో ఒకరోజు లోవ పెందరాళే ఇంటికొచ్చింది. పెరట్లో అత్తా మనవరాలూ పలక ముందేసుకుని కూర్చున్నారు. అమ్మడు నానమ్మ ముంజేతిని పట్టుకుని, మీద ఉన్న పచ్చబొట్టును వేలితో చూపిస్తోంది. పెళ్ళయిన కొత్తలో తీర్థంలో మొగుడి పేరు పొడిపించుకుంది ఆవిడ. ఆ పేరును అన్నేళ్ళూ ఒంటి మీద మోసిందే గానీ ఏది ఏ అక్షరమో ఎరగదు.

"సూ," అంది నూకరత్నం. కళ్ళు చికిలించి చూసి, "ర," అంది. చాలాసేపాగి, "య్య," అంది.

తర్వాత ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, మూడక్షరాలనూ తన వేలితో మళ్ళీ తడిమింది. లోవ అడుగుల చప్పుడు కాకుండా వెనక్కి పోయింది.

సెలవులయ్యాక తనిఖీ అన్నారు. సంతకం పెట్టిన సంరక్షకులంతా రావాలని కబురొస్తే లోవ వెళ్ళి కిటికీ దగ్గర నిలబడింది. త్రివిక్రమరావుగారు కుర్చీలో కూర్చుని కొత్త ఉత్తర్వు చదివారు.

"బెంగ అనునది కంటితో కొలవదగినది కాదని, ఏడ్చుట ఒక్కటే ప్రమాణము కాజాలదని తేలినది. కావున బోర్డు మీది వాక్యమును చదవగలిగిన విద్యార్థి యొక్క బెంగ తగ్గినట్లుగా పరిగణించి, పక్కన కూర్చున్న ఇంటి సభ్యుని తక్షణమే పంపివేయవలెను."

మాణిక్యాలరావు బోర్డు మీద రాశాడు. మా ఊరు పొదలంక.

"మొదట ఈమె," అన్నారు త్రివిక్రమరావుగారు నూకరత్నాన్ని చూపించి. "ముందుగా చేరిన విద్యార్థిని గదా. లేచి చదువమ్మా."

నూకరత్నం లేచింది. బోర్డు వైపు చూసింది. ఆవిడ చూపు మొదటి అక్షరం మీద పడటం, అక్కణ్ణించి రెండో అక్షరం మీదకు జరగడం లోవకు కిటికీలోంచి స్పష్టంగా కనిపించింది. వరస మొత్తం ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాయి ఆ కళ్ళు. ముఖమంతా వెలిగింది. పెదాలు కలుసుకుని, 'మా' అనబోయి ఆగాయి.

పక్కన అమ్మడు సంచి పట్టీ గట్టిగా పట్టుకుని నానమ్మ వైపే చూస్తోంది. చదువుతుందని ఆ పిల్లకు తెలుసు. చదివితే ఏమవుతుందో తెలియదు. చదువు అత్తా అనాలో వద్దు అత్తా అనాలో లోవకు తోచలేదు.

"నాకు రాదు బాబూ," అంది నూకరత్నం.

"ఒక్క అక్షరము కూడానా?"

"ఒక్కటీ రాదు." అని బోర్డు మీదనుంచి కళ్ళు తిప్పుకోలేక, అలా చూస్తూనే ఏడ్చింది. రోజూ గేటు దగ్గర తీసే రాగం లేదు, నాయనా లేదు, గేదె లేదు. నోరు గట్టిగా మూసుకుని ఏడ్చింది. అన్ని నెలల నుంచి ఆవిడ ఏడుపు వింటున్న ఊరికి ఆ ఏడుపు కొత్త.

త్రివిక్రమరావుగారికి జాలేసింది. "ఊరుకోండమ్మా. కొన్ని బుర్రలకు ఎన్నాళ్ళు చెప్పినా ఎక్కదు, అది ఎవరి తప్పూ కాదు," అని ఓదార్చి, "బెంగ యథాతథం, పక్కన కూర్చున్న ఇంటి సభ్యురాలి కొనసాగింపునకు అనుమతి" అని రాసుకున్నారు. తర్వాత వీర్రాజు తండ్రిని లేపారు. ఆయన రాదన్నాడు. ఆ పక్కావిడ రాదంది. గదిలో ఒక్కరికీ ఒక్క అక్షరమూ రాలేదు. ఇంతటి మొద్దుబుర్రల తరగతిని తన సర్వీసులో చూడలేదని, ఏడాది పొడవునా పొడిగింపు తప్పదని రాసుకుని ఆయన జీపెక్కారు.

జీపు చప్పుడు కాలవ వంతెన దాటేదాకా గదిలో ఎవరూ కదల్లేదు.

"నానమ్మా, నీకొచ్చుగా! ఎందుకు రాదన్నావు?" అంది అమ్మడు కోపంగా. రోజూ నేర్పించింది తనే మరి.

"నాకొస్తే నిన్ను ఇంటికి పంపేస్తాడే, దొంగముండా," అంది నూకరత్నం. కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆయాసపడుతూ మళ్ళీ లేచి నిలబడి, కుర్చీ ఖాళీగా ఉందో లేదో ఒకసారి చూసుకుని, బోర్డు వైపు తిరిగింది.

"మా," అంది పైకి, గట్టిగా. "ఊ... రు."

ఆ మాట దగ్గర వీర్రాజు తండ్రి గొంతు కలిసింది. వెనక వరసలో ఇంకెవరో అందుకున్నారు. 'పొదలంక' దగ్గరికొచ్చేసరికి, ఇందాక ఒక్క అక్షరం రాదన్న ముసలివాళ్ళందరూ కలిసి చదువుతున్నారు.

మాణిక్యాలరావు ఆ సంగతి ఎందులోనూ ఎక్కించలేదు. బోర్డు తుడిచి, రెండో వాక్యం రాశాడు.